మంచుకొండల ఊళ్ళో రెండు రాత్రులు

ఎండాకాలం వచ్చిందంటే గల్ఫ్‌లో ఉన్న మనందరికీ తెలిసిన సంగతే. డ్యూటీ దిగి వచ్చి నల్లా తిప్పితే ఒళ్ళు కాలే నీళ్ళు వస్తాయి. మేడ మీది ట్యాంకు పొద్దంతా ఎండకు కాగి ఉంటుంది. అందుకే రాత్రే బకెట్లు నింపి పెట్టుకుని, తెల్లవారుజామున చల్లారిన నీళ్ళతో స్నానం చేస్తాం. వేడినీళ్ళంటే మనకు విసుగు. అలాంటి వేడినీళ్ళ కోసమే లక్షల మంది రైలెక్కి, డబ్బు కట్టి, మంచుకొండల్లోకి వెళ్ళే దేశం ఒకటుంది. అది జపాన్.

మా కంపెనీ జపాన్ నుంచి పంపులు, వాటి విడిభాగాలు తెప్పిస్తుంది. ఆ సరుకు కాగితాలు చూసే గుమాస్తా పని నాది. విడిభాగాల లెక్క కొత్త పద్ధతిలో రాయడం నేర్చుకుని రమ్మని 2024 ఫిబ్రవరిలో నన్నూ మా స్టోర్ కీపర్‌నూ నాగానో పట్నానికి వారం రోజులు పంపారు. శని, ఆదివారాలు అక్కడి వాళ్ళకు సెలవు. ఆ సెలవుల్లో వాళ్ళే మమ్మల్ని నోజావా ఒన్సెన్ అనే ఊరికి తీసుకెళ్ళి, పాతకాలపు సత్రంలో రెండు రాత్రులు ఉంచారు. ఖర్చంతా వాళ్ళదే. నా జీతానికి అది నేను పెట్టుకోగల ఖర్చు కాదు.

మంచు చూసొచ్చానని గొప్ప చెప్పుకోవడానికి ఇది రాయడం లేదు. ఆ ఊరి కథలో మన వలస కథ కొంత కనిపించింది. అది మీకు చెప్పాలనిపించింది.

అంత మంచు ఎక్కడిది?

నాగానో పేరు 1998లో అక్కడ చలికాలపు ఒలింపిక్స్ జరిగినప్పుడు ప్రపంచమంతా విన్నది. ఆ ఆటల్లో బయాథ్లాన్ పోటీ, అంటే మంచు మీద జారుతూ మధ్యమధ్య తుపాకితో గురిచూసి కాల్చే పోటీ, ఈ నోజావా ఒన్సెన్‌లోనే పెట్టారు. టోక్యో నుంచి బుల్లెట్ రైల్లో ఈయామా స్టేషన్‌కు రెండు గంటల లోపే చేరుకోవచ్చు. అక్కడి నుంచి బస్సులో అరగంట కూడా పట్టదు.

స్టేషన్ దాటగానే రోడ్డుకు రెండు వైపులా మనిషెత్తు కన్నా ఎక్కువ మంచు గోడలు. మాతో వచ్చిన ఇంజనీరు ఆ మంచు ఎలా పడుతుందో చెప్పాడు. చలికాలంలో సైబీరియా నుంచి ఎముకలు కొరికే గాలి వీస్తుంది. దారిలో జపాన్ సముద్రం ఉంది. ఆ సముద్రంలో దక్షిణం నుంచి వచ్చే వెచ్చని నీటి ప్రవాహం ఒకటుంది. చల్లగాలి దాని మీదుగా వస్తూ తేమ మోసుకొస్తుంది. ఒడ్డుకు చేరగానే కొండలు అడ్డం వస్తాయి. గాలి పైకి లేచి, ఆ తేమంతా మంచుగా కురిపిస్తుంది. మన నైరుతి రుతుపవనం పడమటి కనుమలకు తగిలి వాన కురిపించినట్టే ఇది కూడా. మనకు వాన, వాళ్ళకు మంచు.

ఆ చుట్టుపక్కలే మోరిమియానోహరా అని ఒక చిన్న రైల్వే స్టేషన్ ఉంది. 1945 ఫిబ్రవరి 12న అక్కడ 7 మీటర్ల 85 సెంటీమీటర్ల మంచు పేరుకుపోయింది. రెండంతస్తుల ఇల్లు మునిగిపోయేంత! ఆ గుర్తుగా అక్కడ ఒక స్తంభం నిలబెట్టారు.

చూసేవాళ్ళకు మంచు ముద్దుగానే ఉంటుంది. ఉండేవాళ్ళకు అది చాకిరీ. కప్పు మీద పేరుకున్న మంచు తియ్యకపోతే ఇల్లే కుంగుతుంది. పారలు పట్టుకుని కప్పులెక్కి మంచు తోసేవాళ్ళలో ముసలివాళ్ళను కూడా చూశాను. జారిపడి చనిపోయేవాళ్ళు ఏటా ఉంటారట. పిల్లలు చదువులకూ ఉద్యోగాలకూ పట్నాలు పట్టారు, ఊళ్ళో పెద్దవాళ్ళు మిగిలారు. ఈ మాట వింటే మీకూ మీ ఊరు గుర్తొస్తుంది.

పైన మంచు, కింద నిప్పు

జపాన్‌లో వందకు పైగా అగ్నిపర్వతాలు ఇంకా చల్లారలేదు. వాటి వేడికి భూమి లోపలి నీళ్ళు కాగి, బుగ్గలుగా పైకి వస్తాయి. ఆ బుగ్గను, బుగ్గ ఉన్న ఊరినీ ఒన్సెన్ అంటారు. ఏది ఒన్సెన్ అనిపించుకుంటుందో తేల్చడానికి 1948లో చట్టం కూడా చేశారు. బయటికి వచ్చే చోట నీళ్ళు కనీసం 25 డిగ్రీల వేడి ఉండాలి, లేదా చట్టంలో రాసిన ఖనిజాల్లో ఏదో ఒకటి చెప్పిన మేరకు ఉండాలి. మన భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో మణుగూరు దగ్గర పగిడేరులో బోరు నుంచి వేడినీళ్ళు వస్తాయి కదా, వాళ్ళకు అలాంటివి వేల చోట్ల ఉన్నాయి.

నోజావాలో ఊరి మధ్యలో ఒగామా అనే చోటుంది. నీళ్ళు 90 డిగ్రీల వేడితో పొగలు కక్కుతూ రాతి తొట్లలోకి ఉబికి వస్తాయి. ఊరివాళ్ళు అక్కడ గుడ్లు, కూరగాయలు ఉడకబెట్టుకుంటారు. బయటివాళ్ళను లోపలికి రానివ్వరు, కాలు జారితే ప్రాణం పోతుంది. నేను కంచె ఇవతల నిలబడి చూశాను. ఒక ముసలమ్మ బుట్ట నిండా ఆకుకూర తెచ్చి, నీళ్ళలో ముంచి తీసి, వీపున వేసుకుని వెళ్ళిపోయింది. గ్యాసు ఖర్చు లేని వంటిల్లు అది.

సత్రం పద్ధతి

ఈ సత్రాలను రియోకాన్ అంటారు. యామానాషి జిల్లాలో వేడినీటి బుగ్గ దగ్గరున్న ఒక రియోకాన్ 705వ సంవత్సరం నుంచి నడుస్తోంది. ప్రపంచంలోనే పాత హోటల్‌గా దానికి గిన్నిస్ బుక్కులో చోటు దొరికింది. మేమున్నది అంత పాతదీ కాదు, పెద్దదీ కాదు. కర్రతో కట్టిన రెండంతస్తుల ఇల్లు. యజమానురాలే ముందుండి అంతా చూసుకుంటుంది. అలాంటి ఆవిడను ఒకామి అంటారు.

మధ్యాహ్నం మూడు గంటలకు చేరాం. చెప్పులు గడప దగ్గరే విడవాలి. అది మనకు పుట్టుకతో వచ్చిన అలవాటే కాబట్టి ఇబ్బంది లేదు. ఒకామి మోకాళ్ళ మీద కూర్చుని, నేలకు తల ఆనేంతగా వంగి మమ్మల్ని పలకరించింది. మా అమ్మ వయసు ఉంటుంది. నాకు ఏం చేయాలో తోచక నేను కూడా వంగి దండం పెట్టాను.

గదిలో మంచం లేదు, కుర్చీ లేదు. నేల నిండా తతామి చాపలు. వాళ్ళు గది కొలత చెప్పేటప్పుడు ఆరు చాపల గది, ఎనిమిది చాపల గది అంటారు. ఒక చాప అంటే సుమారు ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు. ఇంచుమించు మన క్యాంపు బంకు మంచమంత. కూర్చుంటే అర చాప, పడుకుంటే ఒక చాప చాలు మనిషికి అని వాళ్ళలో సామెత ఉంది. ఏళ్ళ తరబడి ఒక బంకులో కాపురం చేసే మనకు ఆ సామెత ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు.

మధ్యలో పొట్టి బల్ల, దాని మీద దుప్పటి, దుప్పటి కింద చిన్న హీటరు. దీన్ని కొతాత్సు అంటారు. కాళ్ళు దుప్పటిలోకి చాపి కూర్చుంటే బయట ఎంత చలి ఉన్నా తెలియదు. కట్టుకోవడానికి యుకాతా అనే నూలు అంగీ ఇచ్చారు. ఎడమ అంచు పైకి రావాలి, కుడి అంచు పైకి వేసేది చనిపోయిన వాళ్ళకు మాత్రమే అని ముందే కట్టి చూపించారు.

రాత్రి భోజనం ఆరున్నరకు. చిన్న చిన్న గిన్నెల్లో పన్నెండు రకాలు వచ్చాయి. ఉప్పు రాసి కాల్చిన ఏటి చేప, పచ్చి చేప ముక్కలు, కొండల్లో దొరికే ఆకుకూరలు, పుట్టగొడుగులు, సోయా పులుసు, అన్నం. కారం ఎక్కడా లేదు. నా ప్రాణానికి హాయి చేసింది నోజావానా ఊరగాయ. అది ఆ ఊరి పేరుతోనే ఉన్న ఆకుకూర. నవంబరులో కోసి, వేడిబుగ్గ నీళ్ళలో కడిగి, ఉప్పులో ఊరేస్తారు. చలికాలమంతా మంచు కింద ఇంకే కూరా దొరకని రోజుల్లో ఆ ఊరగాయే దిక్కట. అన్నంలో నంజుకుంటే ఇంటి పచ్చడి గుర్తొచ్చింది.

ఒకే తొట్టిలో అందరూ

ఇప్పుడు అసలు సంగతి, స్నానం. ఒన్సెన్ స్నానానికి ఒంటి మీద నూలుపోగు ఉండకూడదు. ఆడవాళ్ళకు, మగవాళ్ళకు వేరువేరు గదులు. తొట్టిలో దిగేది ఒళ్ళు రుద్దుకోవడానికి కాదు. ముందు పక్కన చిన్న పీట మీద కూర్చుని, సబ్బుతో తల నుంచి కాళ్ళ దాకా కడుక్కోవాలి. ఒంటికి సబ్బు నురగ కూడా మిగలకూడదు. ఆ తరువాతే తొట్టిలో దిగాలి. తువ్వాలు నీళ్ళకు తగలకూడదు, మడిచి నెత్తిన పెట్టుకుంటారు. మురికిని బయటే వదిలి నీళ్ళలోకి రావాలన్నది లెక్క. ఎందుకంటే నీ తరువాత ఇంకొకరు ఆ నీళ్ళలోనే దిగుతారు.

మనం ఏట్లో, బావి దగ్గర స్నానం చేసినా తువ్వాలు కట్టుకునే చేస్తాం. అందుకని మా స్టోర్ కీపర్ మొదటి రోజు రానే రానన్నాడు, గదిలోనే ఉండిపోయాడు. నేను వెళ్ళాను. లోపల ఎవరూ ఎవరివైపూ చూడరు. రెండు నిమిషాల్లో సిగ్గు పోయింది.

బయట పెరట్లో రాళ్ళతో కట్టిన తొట్టి ఒకటుంది. చుట్టూ మంచు, పై నుంచి మంచు రాలుతోంది, మెడ దాకా వేడినీళ్ళు. తల మీద వెంట్రుకలు గడ్డకడుతుంటే ఒళ్ళు మాత్రం కమ్మగా కాగుతోంది. పదేళ్ళుగా కుర్చీలో వంగి కూర్చుని పట్టేసిన నా నడుము ఆ పూట నెమ్మదించింది. ఆ సమయంలో నాకు మీరే గుర్తొచ్చారు. పొద్దంతా ఇటుకలు మోసే భుజాలు, స్కాఫోల్డింగ్ ఎక్కి దిగే మోకాళ్ళు ఎన్నో ఉన్నాయి మన దగ్గర. ఆ నీళ్ళు ముందు దక్కవలసింది ఆ ఒళ్ళకు.

ఈ మాట నేను ఊహించి అన్నది కాదు. ఒన్సెన్ సత్రాల చరిత్రే అది. వాటికి తోజీ అనే పాత ఆచారం ఉంది. కోతలు అయిపోయాక రైతులు బియ్యం మూట కట్టుకుని ఈ బుగ్గల దగ్గరికి వచ్చేవాళ్ళు. ఒక వారమో, రెండు వారాలో ఉండి, తమ వంట తామే వండుకుని, రోజుకు రెండు మూడు సార్లు నీళ్ళలో కూర్చుని ఒళ్ళునొప్పులు తీర్చుకుని వెళ్ళేవాళ్ళు. కష్టం చేసిన ఒంటికి మరమ్మతు అన్నమాట. ఈ రోజుల్లో మామూలు రియోకాన్‌లో రెండు పూటల తిండితో కలిపి మనిషికి రాత్రికి 15,000 నుంచి 30,000 యెన్లు అడుగుతారు. రూపాయల్లో ఎనిమిది వేల నుంచి పదహారు, పదిహేడు వేలు. తోజీ సత్రాలు అక్కడక్కడా ఇంకా ఉన్నాయి కానీ తగ్గిపోయాయి.

ఆ రాత్రి తొట్టిలో నా పక్కన మమ్మల్ని తీసుకొచ్చిన కంపెనీ పెద్దాయన ఉన్నాడు. ఆయన పక్కన మా వ్యాను డ్రైవరు. ఇద్దరూ నెత్తిన తువ్వాళ్ళు పెట్టుకుని, కళ్ళు మూసుకుని కూర్చున్నారు. బట్టలు లేకపోతే ఎవరు మేనేజరో, ఎవరు డ్రైవరో చెప్పడానికి ఆనవాలు ఏముంటుంది? మర్నాడు పొద్దున మళ్ళీ ఆయన ముందు సీట్లో, ఇతను స్టీరింగు దగ్గర. ఆ సంగతీ నిజమే. అయినా అరగంట సేపు సమానంగా కూర్చునే చోటు ఒకటి ఊళ్ళో ఉండడం మంచిదే అనిపించింది.

ఊరి నీళ్ళు ఊరివే

నోజావాకు పేరు తెచ్చినవి సత్రాల కన్నా 13 ఊరి స్నానపు గదులు. వీధి వీధికీ ఒక చిన్న కర్ర ఇల్లు ఉంటుంది. ఎవరైనా వెళ్ళి స్నానం చేయవచ్చు. టికెట్ లేదు. తలుపు దగ్గర హుండీ ఉంటుంది, ఇష్టమైతే నాణెం వేస్తారు. అన్నిటికన్నా పేరున్నది ఊరి నడుమ ఉన్న ఓయు. గుడిలా కనిపించే పాత కట్టడం అది. నీళ్ళు మాత్రం మామూలు వేడి కాదు. మన ఎండాకాలం ట్యాంకు నీళ్ళకు అలవాటు పడ్డ నాకే కాలు పెట్టగానే గుండె ఝల్లుమంది.

జీతం తీసుకునే క్లీనరు ఒక్కడూ లేకుండా ఆ గదులు అద్దంలా ఎలా ఉన్నాయని నేను అడిగాను. జవాబు నాకు చాలా నచ్చింది. ఒక్కో స్నానపు గదికి దాని చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు కలిసి ఒక సంఘంగా ఉంటారు. దాన్ని యు-నకామా అంటారు, నీళ్ళ నేస్తాలు అనుకోవచ్చు. వంతుల ప్రకారం కడుగుతారు, కరెంటు బిల్లు తామే పంచుకుంటారు. బుగ్గలు ఏ ఒక్కరి సొత్తూ కావు. ఊరికి నోజావా-గుమి అనే పాత కట్టుబాటు సంఘం ఉంది. నీళ్ళూ, అడవీ దాని చేతిలో ఉంటాయి. సత్రం యజమాని ఎంత డబ్బున్నవాడైనా బుగ్గను కొనలేడు.

జపాన్‌లో మంచు ఊళ్ళకు ఈ మధ్య బయటి పెట్టుబడి బాగా వచ్చింది. ఉత్తరాన హొక్కైడోలో నిసెకో అనే చోట విదేశీ డబ్బుతో పెద్ద పెద్ద హోటళ్ళు లేచి, భూముల ధరలు ఊరివాళ్ళకు అందకుండా పోయాయి. నోజావాలో కూడా కొన్ని సత్రాలు చేతులు మారాయట. కానీ నీళ్ళు ఊరి చేతిలో ఉన్నంత కాలం ఊరిని అడగకుండా ఏదీ జరగదని ఒకామి ధీమాగా చెప్పింది.

మన ఊళ్ళల్లో చెరువు ఇలాగే నడిచేది. తూము తీసి మడులకు నీళ్ళు పంచడానికి నీరటికాడు ఉండేవాడు. పూడిక తీయడానికి ఇంటికొకరు వచ్చేవారు. అది చెడిపోయాక బోర్లు వేసుకున్నాం, బోర్లు ఎండాక అప్పులు మిగిలాయి, అప్పుల వెంట వీసాలు వచ్చాయి. నాలాగే మీలో చాలామంది ఇంటి కథ ఇదే.

దెకాసెగి

ఆదివారం పొద్దున కేబుల్ బండిలో కొండ మీదికి వెళ్ళాం. ఊరు 565 మీటర్ల ఎత్తులో ఉంటే, స్కీ వాలు 1,650 మీటర్ల ఎత్తు నుంచి మొదలవుతుంది. కాళ్ళకు పొడవాటి పలకలు బిగించుకుని ఆడా మగా పిట్టల్లా జారిపోతున్నారు. ఆ పలకలు, బూట్లు అద్దెకు తీసుకోవాలి. మేం వెళ్ళినప్పుడు లిఫ్టు టికెట్ ఒక్కటే రోజుకు 7,000 యెన్ల చుట్టూ ఉండేది. నేను జారలేదు. ఒక మూల నిలబడి చూశాను. ఆరేడేళ్ళ ఊరి పిల్లలు కోతుల్లా దూకుతుంటే చూడడమే సంబరం.

నా చూపు ఎక్కువగా లిఫ్టుల దగ్గర పనిచేసే వాళ్ళ మీద పడింది. అరవై దాటిన మనుషులు. మంచు ఊడుస్తున్నారు, కుర్చీ పట్టి మనిషిని ఎక్కిస్తున్నారు. ఇంజనీరును అడిగితే, వాళ్ళలో చాలామంది రైతులేనన్నాడు. ఎండాకాలం వరి, కూరగాయలు. మంచు పడితే లిఫ్టు డ్యూటీ.

అప్పుడే ఆయన ‘దెకాసెగి’ అనే మాట చెప్పాడు. బయటికి వెళ్ళి సంపాదించడం అని దానికి అర్థం. మనం వలస అంటాం. ఈ మంచు ప్రాంతాల్లో నాలుగైదు నెలలు పొలం మంచు కింద ఉంటుంది. చేయడానికి పని ఉండదు. అందుకని కోతలు కాగానే మగవాళ్ళు టోక్యో లాంటి పట్నాలకు కూలికి వెళ్ళేవాళ్ళు. కొందరు సారా బట్టీలకు, మిగతావాళ్ళు కట్టడాల పనికి. 1964లో టోక్యో ఒలింపిక్స్ జరిగాయి, అదే ఏడాది మొదటి బుల్లెట్ రైలు నడిచింది. ఆ స్టేడియాలు, రోడ్లు, పట్టాలు కట్టినవాళ్ళలో ఇలా వచ్చిన పల్లెటూరి కూలీలు ఎందరో. రేకుల షెడ్లలో పది మంది కలిసి పడుకుని, జీతం ఇంటికి పంపి, వసంతంలో తిరిగి నాట్లకు వెళ్ళేవాళ్ళు. ఇంట్లో భార్య, ముసలివాళ్ళు మంచుతో కుస్తీ పట్టేవాళ్ళు. కొందరు తిరిగి రాలేదు కూడా.

అది విని నేను కాసేపు మాట్లాడలేదు. జపాన్ అంటే మనకు కార్లూ, టీవీలూ చేసే దేశం. వాళ్ళ తాతలు కూడా లేబర్ క్యాంపుల్లో పడుకున్నారని నాకు ఏ పుస్తకం చెప్పలేదు. పాలమూరు కూలీలు మేస్త్రీ వెంట ఊళ్ళు దాటి వెళ్ళినట్టే వాళ్ళూ వెళ్ళారు.

నోజావా మరో దారి వెతుక్కుంది. 1923లోనే ఊరి యువకులు స్కీ క్లబ్బు పెట్టారు. మంచు మనకు శత్రువు అనుకోవడం మాని, దానితోనే చలికాలపు పని పుట్టించాలని చూశారు. మొదట్లో లిఫ్టులు క్లబ్బే నడిపింది, తరువాత ఊరి పాలన చేతికి వచ్చింది. రైతులు తమ ఇళ్ళల్లోనే రెండు గదులు ఖాళీ చేసి చుట్టాల్లా అతిథులను పెట్టుకున్నారు. వేడినీళ్ళు ఎలాగూ ఉన్నాయి. అలా నాలుగు నెలల నిరుద్యోగం నాలుగు నెలల సీజను అయ్యింది. రాత్రికి రాత్రి జరిగిన పని కాదు, మూడు తరాలు పట్టింది.

ఏటా జనవరి 15న అక్కడ పెద్ద మంటల పండుగ చేస్తారు. 25 ఏళ్ళు, 42 ఏళ్ళు మగవాళ్ళకు గండం ఉన్న వయసులని వాళ్ళ నమ్మకం. అడవి నుంచి మానులు తెచ్చి ఒక మేడంత ఎత్తు కర్ర గుడి కడతారు. 42 ఏళ్ళవాళ్ళు దాని పైన కూర్చుంటారు, 25 ఏళ్ళవాళ్ళు కింద కాపలా ఉంటారు. మిగతా ఊరంతా కాగడాలతో దాడికి వస్తుంది. చివరికి దాన్ని తగలబెడతారు. మన భోగి మంటలకు ఒకటి రెండు రోజుల తేడా అంతే! 1993లో ప్రభుత్వం దీన్ని ముఖ్యమైన జానపద సాంస్కృతిక సంపదగా గుర్తించింది. పట్నాల్లో ఉన్న ఊరి కుర్రాళ్ళు ఆ వయసు వచ్చిన ఏడాది సెలవు పెట్టుకుని మరీ వస్తారట. సంక్రాంతికి టికెట్ దొరకని మన బాధ వాళ్ళకు చెప్పాలనిపించింది.

నేపాలీ తమ్ముడు

మాకు భోజనం వడ్డించిన కుర్రాడు జపనీయుడు కాదు. నా మొహం చూసి, గిన్నె పెడుతూ, మెల్లగా హిందీలో ‘దాయీ, ఇండియా నుంచా?’ అన్నాడు. నేపాల్‌లో మ్యాగ్దీ జిల్లా. ఇరవయ్యారేళ్ళు ఉంటాయి. వాళ్ళ అన్న కతార్‌లో క్రేన్ ఆపరేటరట. క్యాంపు అన్నా, ఓటీ అన్నా అతనికి విడమరచి చెప్పే పని లేదు.

మర్నాడు మధ్యాహ్నం ఖాళీ దొరికినప్పుడు తన డ్యూటీ చెప్పాడు. పొద్దున ఐదున్నరకు లేవాలి. అతిథుల టిఫిన్లు, పక్క బట్టలు తీయడం, గదులు ఊడ్చడం. పదకొండు నుంచి మూడు దాకా విరామం. మళ్ళీ మూడు నుంచి రాత్రి తొమ్మిదిన్నర. రోజు రెండు ముక్కలవుతుంది. మేం భోజనానికి వెళ్ళి వచ్చేసరికి గదిలో మెత్తని పరుపులు పరిచి ఉండడం చూసి మురిసిపోయాం. అది చేసింది ఇతనే. ఒక రాత్రిలో పద్నాలుగు గదులు పరుస్తాడట.

‘2019లో భాష చదువుకోవడానికని వచ్చాను దాయీ. ఏజెంటుకు కట్టడానికి నాన్న పొలం తాకట్టు పెట్టాడు. స్టూడెంటు వీసా మీద వారానికి 28 గంటలే పని చేయనిస్తారు. ఫీజు కట్టాలా, అప్పు తీర్చాలా? కరోనాలో ఏడ్చినంత పని అయ్యింది. తరువాత పరీక్ష రాసి ఈ వీసాకు మారాను. ఇప్పుడు చేతికి లక్షా యాభై వేల యెన్లు వస్తాయి. పాస్‌పోర్టు నా పెట్టెలోనే ఉంది’ అన్నాడు.

అతను మారిన వీసాను స్పెసిఫైడ్ స్కిల్డ్ వర్కర్ వీసా అంటారు. 2019 ఏప్రిల్‌లో మొదలైంది. హోటల్ పని, వృద్ధుల సేవ, కట్టడాల పని, వ్యవసాయం వంటి రంగాలకు ఇస్తారు. భారతదేశంతో కూడా 2021 జనవరిలో ఒప్పందం కుదిరింది. జపాన్ భాష పరీక్ష, పని పరీక్ష రెండూ పాసవ్వాలి. అదే పని చేసే జపనీయుడికి తగ్గకుండా జీతం ఇవ్వాలన్నది నియమం. మొదటి రకం వీసాతో సాధారణంగా అయిదేళ్ళ వరకే ఉండవచ్చు, భార్యాపిల్లలను తెచ్చుకోవడానికి వీల్లేదు. మీ తమ్ముళ్ళెవరైనా అటు చూస్తుంటే ఒక్క మాట. భాష రాకుండా పంపిస్తానని లక్షలు అడిగేవాడిని నమ్మొద్దు. పరీక్ష మనమే రాయాలి, మన బదులు ఏజెంటు రాయడు.

నేను వచ్చేస్తుంటే టిప్పు ఇవ్వబోయాను. వద్దన్నాడు. ఆ దేశంలో ఆ ఆచారం లేదు. ‘ఎన్నాళ్ళు ఉంటావు తమ్ముడూ?’ అని అడిగాను.

‘మా జిల్లాలో తాతోపానీ అని ఒక ఊరుంది దాయీ. తాతో పానీ అంటే వేడి నీళ్ళే. కొండలెక్కే టూరిస్టులు ఆ దారినే వెళ్తారు. మావాళ్ళు ఆ నీళ్ళు చూస్తూ చూస్తూ కతార్ వెళ్ళారు, మలేషియా వెళ్ళారు. నేను ఇక్కడ పరుపు పరవడం ఒక్కటే నేర్చుకోవడం లేదు. నీళ్ళు ఎలా కడగాలి, లెక్క ఎలా రాయాలి, వచ్చినవాళ్ళను ఎలా కూర్చోబెట్టాలి, అన్నీ ఒక నోటుబుక్కులో రాసుకుంటున్నాను. అప్పు తీరాక నాలుగు గదులతో మొదలుపెడతా. అన్నను కూడా రమ్మంటా’ అన్నాడు.

ఆ నోటుబుక్కు చూపించాడు. నేపాలీ అక్షరాలు, మధ్యలో జపాన్ మాటలు, పెన్సిలుతో గీసిన తొట్టి బొమ్మ, నీళ్ళు వచ్చే గొట్టం, పోయే గొట్టం, కొలతలతో సహా.

మన క్యాంపుల్లో టైల్స్ వేసేవాళ్ళున్నారు, ఏసీ మెకానిక్కులున్నారు, వెల్డర్లు, ప్లంబర్లు, నలభై మందికి ఒంటి చేత్తో వండేవాళ్ళున్నారు. ఒక్కొక్కరి దగ్గర పదేళ్ళ, పదిహేనేళ్ళ పని ఉంది. ఇంటికి డబ్బు పంపిన రసీదులు దాచుకుంటాం కానీ, నేర్చిన పనిని ఎక్కడా రాసి పెట్టుకోం. మీ ఊళ్ళో చెరువుందా, తోట ఉందా, గుట్ట ఉందా, జాతర జరిగే గుడి ఉందా అన్నది మీకే తెలుసు. దానికి మీ చేతిలోని పని ఎక్కడ అతుకుతుందో కూడా మీకే తెలుసు. ఈ శుక్రవారం సెలవు పూట, వీలైతే పది రూపాయల నోటుబుక్కు ఒకటి తీసుకుని మొదటి పేజీ రాసి చూడండి.